కొలిచే కాగితం, ప్లాన్ కాగితం ఒకటే ఉండాలి తల్లీ

తల్లీ,

నువ్వు అమెరికాలో ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నావని, శ్రీకాకుళంలో ఎదుగుదల ఆలస్యమైన, వైకల్యం ఉన్న ఆరేళ్ళ లోపు పిల్లలకి సెంటర్ పెడతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది కూడా. దానికి ఏడుపు, నాకు టెన్షన్. మన ఇంట్లో నా తరవాత ఈ పనిలోకి ఇంకొకళ్ళు వస్తారని నేను ఎప్పుడూ అనుకోలేదు, వీధిలో అందరికీ చెప్పేశాను, ఇప్పుడు నువ్వు రాకపోతే నా పరువు పోతుంది. కానీ నువ్వు పంపిన ప్లాన్ చదివాక రాత్రంతా నిద్ర లేదు. అందులో థెరపీ ఉంది, తల్లులకి ట్రైనింగ్ ఉంది, బొమ్మల లిస్టు కూడా ఉంది. పిల్లలు ఏం నేర్చుకున్నారో కొలవడం మాత్రం చివరి పేజీలో, ఏడాదికొకసారి, బయటి మనిషి వచ్చి చేస్తాడని రాశావు. అక్కడే నాకు గుండె జారింది. అందుకే ఈ ఉత్తరం. పెద్దమ్మ చాదస్తం అనుకున్నా పూర్తిగా చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. మెట్లున్న ఇల్లు అద్దెకి తీసుకోకు. ఏ పిల్లకైనా చెవి, కన్ను చూపించకుండా మిగతా ఏదీ మొదలుపెట్టకు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి రెండేళ్ళ దాకా ఆ తక్కువైన వారాలు తీసేసి వయసు కట్టు. పుట్టిన తేదీ ఆధార్ చూసి రాసుకోకు, చాలామందికి అందులో జనవరి ఒకటి ఉంటుంది, ఆస్పత్రిలో ఇచ్చిన తల్లీబిడ్డ కార్డు చూడు. కార్డు పోయిందంటే అమ్మమ్మని అడుగు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ తరవాత నేను చూసిన పిల్లల్లో సగం మందికి అదే పుట్టినరోజు లెక్క, "తిత్లీకి ముందు వారం", "కరెంటు రాకముందు" అని. నవ్వకు. నువ్వు కొలిచేదంతా వయసుతో పోల్చి కొలిచేదే, వయసు ఆరు నెలలు అటూ ఇటూ అయితే నీ అంకెలన్నీ తప్పు.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక సెంటర్ కథ నీకు చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇప్పుడు మొత్తం చెప్తాను. పేరు రాయను. అక్కడ మార్చి నెల వచ్చిందంటే పట్నం నుంచి ప్రాజెక్టు ఆఫీసరు గారు షీట్లు పట్టుకొచ్చేవారు. రెండు రోజుల్లో పిల్లలందరికీ టిక్కులు పెట్టేయాలి. ఏ పనికి పూర్తి మార్కులు వచ్చాయో దాన్ని వచ్చే ఏడాది ప్లాన్‌లోంచి తీసేసి కొత్తది పెట్టాలి, అది ఆయన నియమం. వినడానికి బాగానే ఉంటుంది కదా.

కళింగపట్నం వైపు నుంచి ఒక గుంటడు వచ్చేవాడు, నాలుగేళ్ళు దాటాయి, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. మెడ నిలిచింది కానీ నడుము నిలవదు, చేతులు బిగుసుకుపోయి ఉంటాయి. మా సెంటర్లో వాడికోసం గుండ్రంగా కోసిన బల్ల ఒకటి చేయించాం, చెంచా పిడి వంచి గుడ్డ చుట్టాం. వాడు ఆ బల్లలో కూర్చుని ఉప్మా తినడం నేర్చుకున్నాడు. ఒళ్ళంతా చెమట పట్టేది, సగం ఉప్మా బల్ల మీదే పడేది, కానీ మిగతా సగం వాడే తినేవాడు. గిన్నె ఖాళీ అయిన రోజు వంటమనిషితో సహా అందరం చప్పట్లు కొట్టాం. మార్చిలో షీట్ వచ్చింది. "స్వయంగా తింటాడు", పూర్తి మార్కులు. ఎవరూ అబద్ధం రాయలేదు, అందరం కళ్ళతో చూసిందే. ఆఫీసరు గారి నియమం ప్రకారం ప్లాన్‌లోంచి తిండి పోయింది, రంగులు, ఆకారాలు వచ్చాయి. వార్షిక నివేదికలో వాడి ఫోటో కూడా వేశారు.

ఆ వానాకాలం వాళ్ళ నాన్న గుజరాత్‌లో వేరావల్ చేపల బోటుకి వెళ్ళిపోయాడు, తల్లి వాణ్ణి ఎత్తుకుని రెండు బస్సులు మారి రాలేక మానేసింది. వినాయక చవితి దాటాక నేను వాళ్ళింటికి వెళ్ళాను. నానమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది, గుంటణ్ణి కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి గ్లాసుతో చోడంబలి, అదే రాగి అంబలి, నోట్లో పోస్తోంది. రెండు గుక్కలకి వాడికి పొలమారింది, మొహం ఎర్రబడింది, ఆవిడ వీపు మీద చరిచి మళ్ళీ పోసింది. "సెంచాతో తింతాడని మీరే సెప్పారు, ఇంట్లో సెంచా ముట్టడు మేడమ్" అంది. ఎలా ముట్టుకుంటాడు? ఆ ఇంట్లో ఉప్మా లేదు, బల్ల లేదు, వంచిన చెంచా మా సెంటర్ అలమరాలో ఉంది. పొద్దున అంబలి, రాత్రి అన్నం, చేత్తో. ఆ ఏడాది రెండుసార్లు వాడికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసి రిమ్స్ ఆస్పత్రికి తీసుకెళ్ళారని అప్పుడే తెలిసింది. పడుకోబెట్టి పొయ్యకూడదని ఆ ముసలమ్మకి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే తిండి అనే మాట మా ప్లాన్‌లో లేదు. ఎందుకు లేదంటే, పూర్తి మార్కులు వచ్చాయి కాబట్టి.

నేను ఆఫీసరు గారితో గొడవ పెట్టుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, షీట్ చూపించి "ఇక్కడ వచ్చింది కదమ్మా" అన్నాడు, అంతే. చివరికి మేం గోడ మూలకి గోనెసంచుల్లో ఊక కూరి రెండు వైపులా ఆనించి, వాణ్ణి అక్కడ కూర్చోబెట్టి, అంబలి కాస్త చిక్కగా కాచి, గ్లాసు సగమే నింపి, గడ్డం కిందికి ఉంచి తాగించడం నానమ్మకి నేర్పించాం. కానీ ఈ మధ్యలో అంగన్‌వాడీలో చేర్చబోతే ఆయమ్మ "నాను తినిపించనేను బావూ" అని పంపేసింది. ఆ ఏడాది పోయింది. నాలుగేళ్ళ గుంటడికి ఒక ఏడాదంటే ఎంతో నీకు నేను చెప్పక్కర్లేదు.

కొలిచే మనిషి వేరు, ప్లాన్ రాసే మనిషి వేరు, కొలిచే చోటు వేరు, బతికే చోటు వేరు. ఇదే నా భయం. నీ చివరి పేజీ చూడగానే నాకు ఆ గుమ్మం గుర్తొచ్చింది.

నువ్వు అక్కడ చేసిన పని గురించి చెప్పినప్పుడు నాకు నచ్చిందేంటో చెప్తాను. అమెరికాలో 1986లో చట్టం చేసి మూడేళ్ళ లోపు పిల్లలకి కుటుంబంతో కలిసి ప్లాన్ రాయడం మొదలుపెట్టారు, ఆ తరవాత ప్రతి రాష్ట్రం పిల్లల ఫలితాలు కేంద్రానికి చెప్పాలన్నారు. మాట, నడక, చెయ్యి అని విడగొట్టకుండా మూడే మూడు చూస్తారు అన్నావు. మనుషులతో ఎలా మెలుగుతోంది, కొత్తవి తెలుసుకుని ఎలా వాడుతోంది, తనకి కావలసింది సరైన దారిలో ఎలా తీర్చుకుంటోంది. ఒక టెస్టు మార్కు కాకుండా తల్లిదండ్రులు, టీచరు, థెరపిస్టు అందరూ చెప్పింది కలిపి, అదే వయసు పిల్లలు చేసేదానితో పోల్చి, ఒకటి నుంచి ఏడు దాకా ఒక అంకె. ఇంట్లో, బయట, ఎక్కడైనా వయసుకి తగ్గట్టు ఉంటేనే ఏడు. నేను సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో చదువుకున్నప్పుడు మాకు ఎండీపీఎస్ అని, పిల్లకి ఏ పనులు వచ్చో టిక్కులు పెట్టి చూసే పట్టిక నేర్పారు, పద్దెనిమిది విభాగాలు, ఒక్కోదాంట్లో ఇరవై, మొత్తం 360 అంశాలు. అది మంచిదే, ఏం నేర్పాలో వెతుక్కోడానికి ఇప్పటికీ అదే తీస్తాను, కానీ అన్నేసి టిక్కుల మధ్య పిల్ల కనపడదు. నీ మూడు ప్రశ్నల్లో కనపడుతుంది. ఆ మూడింటినీ తెచ్చుకో. త్రివేండ్రం చార్టు లాంటివి స్క్రీనింగ్‌కే, పదిహేడు అంశాలు చూసి ఆలస్యం ఉందో లేదో అనుమానపడడానికి, దాన్ని ఫలితాల కింద రాయకు.

అయితే ఒకటి. ఆ అంకె వయసుతో పోల్చింది కాబట్టి పిల్ల ఎంతో నేర్చుకున్నా అంకె కదలకపోవచ్చు. రెండేళ్ళప్పుడు మూడు, నాలుగేళ్ళప్పుడూ మూడే, కానీ ఈలోపు తోటి పిల్లలు పరిగెడుతుంటారు కదా, వాళ్ళతో పాటు మూడు దగ్గరే నిలబడిందంటే అది కూడా నడిచినట్టే. తల్లికి ఇది విడమరిచి చెప్పకపోతే "రెండేళ్ళు తిప్పారు, ఏం లాభం" అని మానేస్తుంది. మీ దగ్గర ఇంకో ప్రశ్న ఉంటుందన్నావు, పోయినసారి నుంచి కొత్తగా ఒక్కటైనా వచ్చిందా, అవునా కాదా అని. దాన్ని వదలొద్దు. ఆ వచ్చిందేంటో తల్లి మాటల్లోనే రాయి. అంకె లోపలే ఉండనీ, ఆ మాట పైకి చదువు.

ఇంకొకటి నీకు అక్కడ ఎదురై ఉండదు. మన దగ్గర పిల్లని కొలుస్తామంటే తల్లికి ముందు గుర్తొచ్చేది సదరం క్యాంపు, ప్రభుత్వ డాక్టర్లు వైకల్యం ఎంతో తేల్చే చోటు. అక్కడ వైకల్యం శాతం ఎక్కువ రాస్తేనే సర్టిఫికెట్, పింఛను. నీ దగ్గర అంకె ఎక్కువొస్తే బాగుపడినట్టు. రెండూ అడ్డదిడ్డం. అందుకని నిన్ను చూడగానే గుంట నడుస్తుందన్న సంగతి దాచేస్తారు, లేదా "ఇది రాస్తే పింఛను తీసేత్తారేటి మేడమ్" అని అడుగుతారు. అడిగినవాళ్ళే నయం, అడగనివాళ్ళతోనే కష్టం. మొదటి రోజే, ఇంకేం మాట్లాడకముందే, ఈ కాగితం సదరానికి వెళ్ళదని చెప్పు. చెప్పాక నిజంగానే పంపకు, ఎవరు అడిగినా సరే.

కొలవడం ఎలా అంటే, కూర్చుని "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా" అని అడుగు. పళ్ళు తోమడం, టీ, స్నానం, ఎవరు ఎత్తుకున్నారు, ఆకలేస్తే ఎలా చెప్పింది, పక్కింటి పిల్లలొస్తే ఏం చేసింది. నువ్వు మధ్యలో ఫారం తీసి గీకకు, విను. నీ మూడు ప్రశ్నలకి జవాబులు ఆ కబుర్లలోనే ఉంటాయి. అదే కాగితం కింది భాగంలో, అదే రోజు, ఆవిడ ముందే మూడు నెలల్లో ఏం జరగాలనుకుంటుందో రాయి. "సొంతంగా తినాలి" అని రాస్తే కొడతాను. "రాత్రి అన్నంలో మొదటి ఐదు ముద్దలు తన చేత్తో, వారంలో నాలుగు రాత్రులు" అని రాయి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తారీకు పక్కన గీత పెట్టుకోమను. చదువు రాకపోయినా గీత పెట్టగలదు. మూడు నెలలకి ఆ గీతలే నీ కొలత, బయటి మనిషి ఎందుకు? గీతలు లేకపోతే గుంటది తప్పు కాదు, ప్లాన్‌ది. మార్చు.

సీతంపేట వైపు నుంచి సవర గిరిజన పిల్లలు వస్తారు, వాళ్ళని తెలుగులో "ఇదేంటి, అదేంటి" అని అడిగి మాట ఆలస్యం అని రాసేసినవాళ్ళని చూశాను. ఆ గుంట ఇంట్లో సవర భాషలో గడగడా మాట్లాడుతుంది. వాళ్ళ భాష వచ్చిన మనిషిని పెట్టుకో, జీతం దండగ కాదు.

తిరిగి కొలవడానికి తేదీలు కూడా మన జనాన్ని చూసి పెట్టు. నీ ప్లాన్‌లో సెప్టెంబరు, మార్చి ఉన్నాయి. ఆ రెండు నెలల్లో సగం ఇళ్ళకి తాళాలుంటాయి, హైదరాబాదో, విజయవాడో, చెన్నైయో కూలికి వెళ్ళిపోతారు. సంక్రాంతికి మాత్రం ఎలాగోలా వస్తారు, భోగి ముందు మూడు నాలుగు రోజులు, కనుమ తరవాత రెండు రోజులు నువ్వు సెంటర్ మూయకు. పండగ పిండివంటలు నేను పంపుతాను. చేరేటప్పుడు కొలిచి, వెళ్ళేటప్పుడు కొలవకపోతే ఆ మొదటి అంకె ఎందుకూ పనికిరాదు. ఫోన్ నంబరు ఒకటి చాలదు, పక్కింటివాళ్ళది, మేనమామది కూడా తీసుకో.

డబ్బిచ్చేవాళ్ళు వస్తారు, "ఎంత శాతం పిల్లలు మెరుగయ్యారు" అంటారు. నీకు ఆశ పుడుతుంది, నీ స్టాఫ్‌కి అంతకన్నా ఎక్కువ పుడుతుంది, ఐదు ఆరవుతుంది, ఆరు ఏడవుతుంది. అంకె చూసి జీతం పెంచకు, అంకె తగ్గితే ఎవర్నీ తిట్టకు. పిల్లల్ని ఆ అంకెతో పిలవనివ్వకు. "వాడు టూ మేడమ్" అన్న టీచరుని ఒకసారి నేను బయటికి నడవమన్నాను, నీకు అంత నోరు లేదు, కానీ నేర్చుకో.

ఆరేళ్ళు నిండగానే మీ చేతిలోంచి బడికి వెళ్తారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత చదువు హక్కు ఆరేళ్ళ నుంచి పద్దెనిమిది దాకా ఉంది, అంతకుముందు వయసు మనలాంటివాళ్ళ మీదే పడుతుంది. వెళ్ళేటప్పుడు ఆ కాగితం జిరాక్స్ తల్లి చేతిలో పెట్టు, మండలంలో భవిత కేంద్రం, అంటే ఇలాంటి పిల్లలకి ప్రభుత్వం నడిపే కేంద్రం, అక్కడి టీచరుని కలిసి నువ్వే చదివి వినిపించు. పోస్టులో పంపితే బీరువాలోకి పోతుంది. జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ ఉంది, పిల్లల ఎదుగుదల లోపాలు ముందే పట్టుకుని చూసే జిల్లా కేంద్రం, 2013లో వచ్చిన బాలల ఆరోగ్య పథకం కింద పెట్టింది, వాళ్ళతో పోటీ పడకు, వాళ్ళ ఓపీ రోజులు కనుక్కుని నీ పిల్లల్ని నువ్వే తీసుకెళ్ళు.

డబ్బు సంగతి నేను అడగను, మీ నాన్న అడుగుతాడు, కోపం తెచ్చుకోకు. నాలుగు నెలల జీతాలు చేతిలో లేకుండా మాత్రం ఎవర్నీ పనిలోకి తీసుకోవద్దు. ఒళ్ళు జాగ్రత్త, అక్కడ నువ్వు అన్నం తినడం లేదని ఫోటోలు చూస్తేనే తెలుస్తోంది.

ఫారం అచ్చుకివ్వకముందు నాకు పంపు, పెద్ద అక్షరాల్లో, నా కళ్ళజోడు మారింది. చివరి పేజీ కొట్టేసి పంపు.

మీ పెద్దమ్మ