తిండి గురించి చిన్నపిల్లల అభిప్రాయాలు సేకరించే పరిశోధనలో నైతిక చిక్కులేమిటి?

అన్నిటికంటే పెద్ద చిక్కు అనుమతి దగ్గరే. అమ్మానాన్నలు సంతకం పెట్టినంత మాత్రాన నాలుగేళ్ల పిల్ల ఒప్పుకున్నట్టు కాదు. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. చెప్పకుండా ఉండే హక్కూ అందులో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వయసులో "వద్దు" అన్నది చాలాసార్లు మాటగా రాదు: ముఖం తిప్పుకుంటారు, లేచి బొమ్మల దగ్గరికి వెళ్లిపోతారు, ఉన్నట్టుండి మాట్లాడడం మానేస్తారు. దాన్ని నిరాకరణగా గుర్తించి అక్కడితో ఆపేయాలి. నిన్న సరే అన్నారు కదా అని ఊరుకోకుండా ప్రతిసారీ కొత్తగా అడగాలి.

పెద్దవాళ్లు ఏ జవాబు కోరుకుంటున్నారో పిల్లలు ఇట్టే పసిగడతారు. "కూరగాయలు ఇష్టమేనా?" అంటే తల ఊపేస్తారు. ఏది మంచి తిండి, ఏది చెడ్డ తిండి అన్న పాఠం అప్పటికే విని ఉంటారు మరి. అందుకే బొమ్మలు గీయించడం, ఉత్తుత్తి వంటాట ఆడించడం మేలు. కాకపోతే ఆటలో మునిగిన పిల్లకు తనను గమనిస్తున్నారన్న సంగతే గుర్తుండకపోవచ్చు.

ఇంట్లో తిండి సరిపోని పిల్లను నలుగురి ముందు "నిన్న రాత్రి ఏం తిన్నావు?" అని అడిగితే సిగ్గుతో ముడుచుకుపోతుంది. లావు, సన్నం మాటలూ అంతే. ఆకలి, నిర్లక్ష్యం బయటపడితే ఎవరికి చెప్పాలో ముందే తేల్చుకుని, ఆ సంగతి కుటుంబానికి మొదట్లోనే తెలియజేయాలి. రుచి చూపించేటట్టయితే అలర్జీలు, ఇంటి ఆహార నియమాలు కనుక్కోవడం తప్పనిసరి.