కొండ బొమ్మ గురించి అమ్మడికి

పర్లాకిమిడి

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మహేంద్రగిరి త్రీడీ బొమ్మ చూశాను. చూడముచ్చటగానే ఉంది గానీ, అది మన కొండ కాదే! గుడి గోపురంలా నిటారుగా లేచింది. మనం ఏమీ చెప్పకపోతే, పైథాన్‌లో బొమ్మలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ ఏ డేటానైనా 4:4:3 పాళ్ల పెట్టెలో ఇరికించేస్తుంది. నువ్వు తీసుకున్న మేర 20 కిలోమీటర్లకు 20. కొండ 1501 మీటర్లు, అంటే కిలోమీటరున్నర. లెక్క కట్టి చూడు, ఎత్తు దాదాపు పది రెట్లు సాగిపోయింది. ఆ పెట్టె పాళ్లు చెప్పే సెట్ బాక్స్ ఆస్పెక్ట్‌లో 20, 20, 1.5 ఇస్తే అసలు పాళ్లు వస్తాయి. అప్పుడు మరీ చదునుగా కనిపిస్తుంది, కాబట్టి మూడో అంకె 3 పెట్టుకో, ఫర్వాలేదు. కానీ ‘ఎత్తు రెండింతలు చేసి చూపాం’ అని బొమ్మ కింద రాసి తీరాలి.

ఇంకోటి, శిఖరం మొద్దుబారినట్టుంది. నీ డేటాలో 30 మీటర్లకొక బిందువు ఉందన్నావు, అంటే ఒక్కో వైపు ఆరు వందల పైచిలుకు. బొమ్మ గీసే ప్లాట్ సర్ఫేస్ కమాండ్, మనం ఏమీ చెప్పకపోతే, వాటిలో ఒక్కో వైపు 50 మాత్రమే ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. అంటే సుమారు 400 మీటర్లకు ఒకటి! అసలు శిఖరమే ఆ సందులో పడిపోవచ్చు. ఒక్కో వైపు ఎన్ని ఏరుకోవాలో చెప్పే ఆర్‌కౌంట్, సీకౌంట్ రెండూ 200 చెయ్యి. నెమ్మదిస్తుంది, ఈలోగా టీ తాగిరా. సన్నటి తెల్ల గీతలు కనబడితే గీత మందం చెప్పే లైన్‌విడ్త్ సున్నా చేసి, అంచులు నునుపు చేసే యాంటీఎలియాస్డ్ ఆపెయ్యి. మీ ల్యాబ్‌లో మాట్‌లాబ్ సాఫ్ట్‌వేర్‌లోని సర్ఫ్ కమాండ్‌తో వేస్తే ఇంత డేటాకి గళ్ల గీతలే బొమ్మను నల్లగా కమ్మేస్తాయి, అక్కడ గీతల రంగు చెప్పే ఎడ్జ్‌కలర్‌కి ‘నన్’ (none) అని ఇవ్వాలి.

రంగుల విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువే. నీలం నుంచి పసుపు మీదుగా ఎరుపుకు వెళ్లే ఆ జెట్ రంగుల వరస వద్దు. పసుపు వచ్చిన చోటల్లా లేని గట్టు ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా బరంపురంలో ఏ జిరాక్స్ షాపులోనో నలుపు తెలుపులో తీయిస్తే, ముదురు నీలం లోయా, ముదురు ఎరుపు శిఖరమూ రెండూ ఒకేలా నల్లగా వస్తాయి. విరిడిస్ అనే రంగుల వరస పెట్టు, అది ముదురు నుంచి లేతకు క్రమంగా వెళ్తుంది. దేవమాలి కొండ బొమ్మ కూడా పక్కన పెడతానన్నావు కదా, అది 1672 మీటర్లు. రెంటికీ రంగుల కింది, పై హద్దులైన వీమిన్ 0, వీమ్యాక్స్ 1700 ఇచ్చి, ఎత్తు హద్దులు చెప్పే జెడ్ లిమిట్ కూడా అదే పెట్టు. లేకపోతే ఒకే రంగు రెండు చోట్ల రెండు ఎత్తులు చెబుతుంది. సెట్ బాక్స్ ఆస్పెక్ట్‌లో మూడో అంకె కూడా అప్పుడు 3.4 అవ్వాలి సుమా.

బొమ్మను ఏ వైపు నుంచి చూడాలో చెప్పే వ్యూ ఇనిట్ కోణాలు రెంటికీ ఒకటే ఉండాలి. మామూలుగా వచ్చే 30, మైనస్ 60 దగ్గరే ఆగిపోకు. మౌస్‌తో తిప్పి చూసి, ముందు కొండ వెనక లోయను దాచని కోణం దొరికాక ఆ అంకెలు కోడ్‌లో రాసేసుకో.

మీ గైడ్ గారికి చూపించే ముందు కొత్త బొమ్మ నాకోసారి పంపు. స్క్రీన్‌షాట్ వద్దు, ఫైలే పంపు.

మీ పెదనాన్న