48 వోల్టుల బండికి 48 వోల్టుల సప్లై చాలదు

ప్రశ్న: మాస్టారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లె. కరెంటు బండి మీద ఉదయం, సాయంత్రం పాలు పోస్తాను. గాలివానలో కరెంటు పోయి వచ్చినప్పుడు ఛార్జరు మాడిపోయింది. బండి అమ్మినోళ్లు దుకాణం ఎత్తేశారు. సీసీ కెమెరాలు బిగించే అన్నయ్య 48 వోల్టుల పవర్ సప్లై డబ్బా పెట్టుకోమంటన్నాడు. స్టాండులో వాళ్లేమో ఈ-రిక్షా ఛార్జరు తీసుకోమంటన్నారు. బ్యాటరీ మీద 'ఎల్ఎఫ్‌పీ, 51.2 వోల్టులు, 24 ఏహెచ్' అని ఉంది. రాత్రి ఏడయితే మా వీధిలో ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతాది. ఏటి కొనమంటారు?
- ఒక పాల వ్యాపారి, నరసన్నపేట మండలం

జవాబు: బాబూ, బ్యాటరీ మీదున్నది చదివి పంపావు చూడు, దాంతోనే సగం పని అయిపోయింది. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నా రిపేరు బల్ల ముందుకొచ్చే వాళ్లలో చాలామంది "48 వోల్టుల బండండీ" అని ఊరుకుంటారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఛార్జరు ఇవ్వడానికి లేదు.

ఎల్ఎఫ్‌పీ అంటే నీ బ్యాటరీలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు ఉన్నాయి. ఒక్కోటి 3.2 వోల్టులు, వరుసగా 16 కలిపితే 51.2. నిండేసరికి ఒక్కో సెల్లు 3.65కి చేరుతుంది, మొత్తం 58.4. నువ్వు కొనే ఛార్జరు మీద ఔట్‌పుట్ 58.4 వోల్టులని రాసి ఉండాలి. 48 పేరుతోనే అమ్మే ఎన్ఎంసీ అనే ఇంకో రకం లిథియం బ్యాటరీలో సాధారణంగా 13 సెల్లులుంటాయి, అది 54.6కే నిండిపోతుంది. నీ ఛార్జరు దానికి తగిలిస్తే సెల్లుకి 4.5 వోల్టుల దాకా పోతుంది, అది తట్టుకునేది 4.2. లోపల బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్ బోర్డు ఆపుతుంది, నిజమే. కానీ అది ఆఖరి కాపలా. అది కూడా ఆపలేని రోజున మిగిలేది మంటే. అందుకని పక్కింటి బండివాడు బతిమాలినా నీ ఛార్జరు ఇవ్వకు, వాడిది తెచ్చుకోకు.

ఇక ఆ కెమెరాల డబ్బా సంగతి. మంచి కంపెనీదే అయినా అది చేసే పని వేరు. 48 వోల్టులు నిలకడగా ఇవ్వడం దాని పని. నీ బ్యాటరీ సగం నిండి ఉన్నా 52 దగ్గర ఉంటుంది, 48 నుంచి దానిలోకి కరెంటు ఎలా ఎక్కుతుంది? పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి వోల్టేజి పెంచుతామంటారు. మామూలుగా అది 55 దాటదు. పైగా ఖాళీ బ్యాటరీ ఎంత దొరికితే అంత లాగుతుంది. చాలా డబ్బాలు ఆ లోడు తట్టుకోలేక ఆగుతూ, మళ్లీ మొదలవుతూ కొట్టుకుంటాయి. ఛార్జరయితే ముందు కరెంటుని ఒక హద్దులో పట్టి ఉంచుతుంది, 58.4కి చేరాక వోల్టేజిని కదలనివ్వకుండా కరెంటుని తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తుంది. ఈ రెండు అంచెలూ లేని దాన్ని బ్యాటరీకి తగిలించకు.

ఈ-రిక్షా ఛార్జరు విషయంలో మోసపోవడం సులువు. వాటిలో ఎక్కువగా ఉండేవి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. నాలుగు కలిపితే 48, దాని ఛార్జరు 57, 59 మధ్య ఇస్తుంది. మీటరు పెట్టి చూస్తే నీకు సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ నిండాక కూడా అది సన్నగా కరెంటు ఎక్కిస్తూనే ఉంటుంది. కొన్నిటిలో ప్లేట్ల మీది సల్ఫేటు కరిగించడానికి ఎక్కువ వోల్టేజి దెబ్బలు కొట్టే ఏర్పాటూ ఉంటుంది. అది లిథియానికి విషం.

ఎన్ని ఆంపియర్లు? నీకు 5 చాలు. 24 ఏహెచ్, అంటే 24 ఆంపియర్-గంటల బ్యాటరీ అయిదు గంటల పైచిలుకులో నిండుతుంది, పొద్దున్న పాలు పోసి వచ్చాక సాయంత్రం లోపల బోలెడు సమయం. 10 ఆంపియర్లది త్వరగా ఎక్కిస్తుందని ఊరిస్తారు. బ్యాటరీ మీద గరిష్ఠ ఛార్జింగ్ కరెంటు ఎంత రాశారో చూడకుండా అది కొనొద్దు.

ఇప్పుడు మీ వీధి కరెంటు. నా లెక్కలో ఛార్జరు కంటే ఇదే పెద్ద సమస్య. 58.4 వోల్టులు, 5 ఆంపియర్లంటే సుమారు 290 వాట్లు. ఛార్జరులో పోయే నష్టంతో కలిపి గోడ నుంచి 340 లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది ఒకటిన్నర ఆంపియరు, 170కి పడిపోతే రెండు. వోల్టేజి తగ్గేకొద్దీ ఛార్జరు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అందుకే ఇన్‌పుట్ 170 నుంచి 270 వోల్టులని రాసినదే అడుగు. 200-240 అని ఉంటే మీ వీధికి పనికిరాదు. పక్కన 115/230 మార్చే చిన్న స్విచ్చు ఉంటే 230 మీదే ఉంచి పైన టేపు వేసెయ్యి. ఏడు గంటల వేళ ఛార్జింగ్ పెట్టకు, మధ్యాహ్నం పెట్టు. ట్రాన్స్‌ఫార్మరుకి దూరంగా చివర ఉన్న ఇళ్లకి ఈ బాధ ఎక్కువ. వీధిలో నలుగురూ కలిసి 1912కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

నీ పాత ఛార్జరు మాడడానికి కారణం బహుశా న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. గాలికి స్తంభం మీద న్యూట్రల్ తీగ ఊడితే ఇంట్లోకి 230కి బదులు 400 దాకా రావచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మీ జిల్లా వాళ్లకి స్తంభాలు ఎలా ఒరిగాయో నేను చెప్పక్కర్లేదు. గాలివాన మొదలవగానే ప్లగ్గు పీకెయ్యి. కరెంటు వచ్చాక ముందు బల్బు వేసి, మామూలుగా వెలుగుతుందో లేదో చూసి అప్పుడు పెట్టు. 270 దాటితే ఆపేసే ఓవర్ వోల్టేజి కటాఫ్ ఒకటి మీటరు బోర్డులో పెట్టిస్తే ఇంకా మంచిది, ఛార్జరుతో పాటు టీవీ, ఫ్రిజ్జు కూడా బతుకుతాయి.

దుకాణంలో మల్టీమీటరు అడుగు. చివరి పిన్నుల్లో ప్లస్ ఏదో, మైనస్ ఏదో నీ బండితో సరిచూసుకో. కంప్యూటరు తీగ లాంటి మూడు పిన్నుల సాకెట్టు అన్ని బండ్లకీ ఒకేలా కనిపిస్తుంది గానీ లోపల కొందరు తిరగేసి కలుపుతారు. ప్లగ్గుకి ఎర్తు పిన్ను ఉండాలి, మీ ఇంట్లో ఆ ఎర్తు నిజంగా గుంతలోకి వెళ్లాలి.

పశువుల పాకలో మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు బాబూ. తడి, పక్కనే గడ్డి. పడకగదిలోనూ వద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన ప్రాణం పోయింది. వసారాలో సిమెంటు గచ్చు మీద, మనుషులు మెలకువగా ఉన్న వేళ పెట్టు. బండి తిరిగొచ్చిన వెంటనే కాదు, ఓ అరగంట చల్లారనివ్వు.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టరు మీద స్కూటరు ఛార్జింగ్ పెట్టుకోవచ్చా?
- ఒక టీచరు, చీపురుపల్లి

జవాబు: వద్దమ్మా. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద ఉన్నదే 1800 వాట్-అవర్లు. స్కూటరు బ్యాటరీ ఒక్కటే వెయ్యి పైన తాగేస్తుంది, నష్టాలు కలిస్తే ఆ రాత్రి ఫ్యాన్లకి ఏమీ మిగలదు. కరెంటుని నున్నగా కాక మెట్లు మెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరయితే ఛార్జరు కూడా వేడెక్కుతుంది. లైను కరెంటులా నున్నగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ అయితే, మర్నాడు బడికి వెళ్లడానికి తప్పదనుకుంటే, అరగంట పెట్టి తీసెయ్యండి.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు. ఛార్జరు పిన్నులు ఆకుపచ్చగా చిలుము పడుతున్నాయి.
- ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: ఉప్పు గాలి పనే. ఫ్యాను ఉన్న ఛార్జరు ఆ గాలిని లోపలికి లాక్కుంటుంది. ఈసారి ఫ్యాను లేని, అన్ని వైపులా మూసిన అల్యూమినియం డబ్బాది తీసుకోండి. ప్రస్తుతానికి గోడ వైపు, బండి వైపు రెండు ప్లగ్గులూ పీకేసి పిన్నులకి కాంటాక్ట్ క్లీనరు కొట్టి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఛార్జింగ్ అవుతుండగా పిన్ను దగ్గర చెయ్యి కాలేంత వేడి ఉంటే ఆ సాకెట్టు మార్చాల్సిందే.