మేనకోడలికి, బీటెక్ మొదటి సెమిస్టర్ గురించి

అమ్మలూ,

మొన్న ఫోన్లో "రోజంతా ఖాళీగానే ఉన్నట్టుంది మావయ్యా, పని మాత్రం ఒక్కటీ తెమలట్లేదు" అన్నావు. ఇంజనీరింగ్ కాలేజీలో ఇన్నేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఏటా ఎవరో ఒకరి నోట ఇదే మాట వింటూ వచ్చాను. ఇంటర్ రెండేళ్లూ బెల్లు కొట్టి లేపారు, స్టడీ అవర్ పెట్టి చదివించారు, వారం వారం టెస్టు పెట్టి ర్యాంకు చెప్పారు. ఇప్పుడు ఒక్కసారిగా టైమంతా నీ చేతిలో పెట్టేశారు. అలాగని గోడకి టైంటేబుల్ అంటించుకోమని చెప్పను. మూడో రోజుకి దాని వంక కూడా చూడవు.

ఒక్కటి చెయ్యి. నాలుగింటికి కాలేజీ వదిలాక టీ తాగి, రూముకి పోకుండా నేరుగా లైబ్రరీకి వెళ్లు. గంటన్నర చాలు. రూముకెళ్లి మంచం మీద వాలావంటే మళ్లీ మెస్సు వేళకే లేస్తావు. ఆ గంటన్నరలో ఆ రోజు ల్యాబ్‌ది అబ్జర్వేషన్ పుస్తకం నుంచి రికార్డు పుస్తకంలోకి ఎక్కించెయ్. క్లాసులో చేసిన లెక్కలు నోట్సు మూసి మళ్లీ చెయ్యి. రాత్రి తొమ్మిది తర్వాత కబుర్లు చెప్పుకుంటావో, సినిమా చూస్తావో నీ ఇష్టం, నేనడగను.

టైము మింగేది ఇంజనీరింగ్ డ్రాయింగే. వస్తువుని ముందు నుంచీ, పై నుంచీ చూసినట్టు గీసే ప్రొజెక్షన్ షీటు ఉంటుంది కదా, మొదట్లో అలాంటిదొక్కదానికే సాయంత్రం మొత్తం పడుతుంది. పట్టనీ, నువ్వే గీయి. అద్దం కింద ఫోన్ టార్చి పెట్టి సీనియర్ల షీటు మీద దిద్దేసేవాళ్లు కనిపిస్తారు. అరగంటలో అయిపోతుంది, నిజమే. పరీక్ష హాల్లో బోర్డుకి గీతలు గీసే డ్రాఫ్టర్ బిగించాక ఎక్స్‌వై గీతకి పైన ఏ వ్యూ వస్తుందో, కింద ఏది వస్తుందో తేల్చుకునేసరికే వాళ్లకి గంట పోతుంది.

అటెండెన్స్ 75 శాతం కదా, పాతిక శాతం మానెయ్యొచ్చని లెక్కలేసేవాళ్ల మాట వినకు. ఆ పాతిక జ్వరాలకీ, ఇంట్లో పెళ్లిళ్లకీ దాచుకోవాలి. 65కీ 75కీ మధ్య పడితే కారణం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే తక్కువైన హాజరుకి మన్నింపు, తెచ్చుకోవాలి. 65 కూడా లేకపోతే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే.

"మిడ్-1 పరీక్ష పోయినా మిడ్-2లో చూసుకుందాం" అనేది ఇంకో మాయ. మీ జేఎన్‌టీయూ హైదరాబాద్ యూనివర్సిటీ పద్ధతిలో ఇంటర్నల్ మార్కులు 40, అందులో పెద్ద వాటా రెండు మిడ్‌ల సగటుది. మొదటిది పోగొట్టుకుంటే, రెండోదాంట్లో ఎంత ఊడ్చినా సగానికే లెక్క. పైగా మిడ్-2 నాటికే రికార్డులూ, అసైన్‌మెంట్లూ, మిగిలిన షీట్లూ అన్నీ మీద పడతాయి.

క్లబ్బులంటావా, ఒక్కదాంట్లో చేరు. మొదటి నెలలో అన్నిటికీ పేరిచ్చేస్తారు, దసరాకల్లా ఒక్కదానికీ వెళ్లరు.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు డ్రాయింగ్ సరంజామా మొయ్యకు. అందరూ తీసుకెళ్తారు, ఎవరూ విప్పరు. అక్కడే ముగించుకుని రా.

మీ మావయ్య