రక్తంలోని ఆర్‌ఎన్‌ఏ మెదడు సంగతి చెబుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి నాలుగేళ్ల క్రితం పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నట్లు నిర్ధారించారు. ఆయన వయసు 67, నా వయసు 39. రక్తంలో జన్యు వ్యక్తీకరణను చూసి ఈ వ్యాధిని ముందే పసిగట్టవచ్చని ఈమధ్య చదివాను. ఇది మామూలు జన్యు పరీక్షకు భిన్నమైనదా? నేను చేయించుకోవడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: భిన్నమైనదే. జన్యు పరీక్షలో చూసేది మీరు పుట్టుకతో తెచ్చుకున్న డీఎన్‌ఏ వరుసను. దాన్ని పదేళ్ల వయసులో చూసినా అరవైలో చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. జన్యు వ్యక్తీకరణ అలా నిలకడగా ఉండదు. ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు మనకు సుమారు 20,000 ఉన్నా, కాలేయ కణం వాటిలో కొన్నింటిని, నాడీకణం మరికొన్నింటిని వాడుకుంటాయి. వాడుకలో ఉన్న జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ ప్రతులు తయారవుతాయి. ఏ జన్యువుకు ఎన్ని ప్రతులు ఉన్నాయో లెక్కించడమే వ్యక్తీకరణను కొలవడం. నిన్న జ్వరం వచ్చినా, కొత్త మందు మొదలుపెట్టినా ఈ లెక్క మారిపోతుంది. అలా మారగలగడమే దాని బలం, బలహీనత కూడా అదే.

చేయి వణకడం, నడక మందగించడం కంటికి కనిపించే నాటికే మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో డోపమైన్‌ను (కదలికలను అదుపుచేయడంలో తోడ్పడే రసాయనాన్ని) తయారుచేసే కణాలు గణనీయంగా నశించి ఉంటాయి కాబట్టి, అంతకంటే ముందే వ్యాధి జాడ తెలుసుకోవాలన్న ఆత్రం వైద్యులకు ఉండటం సహజం. అయితే బతికి ఉన్న మనిషి మెదడు నుంచి ముక్క తీసి చూడలేము. అందుకే సులభంగా దొరికే రక్తం మీద దృష్టి పడింది. 2007లో అమెరికా పరిశోధకులు 105 మంది రక్తాన్ని పరిశీలించి, 8 జన్యువుల వ్యక్తీకరణ తీరుకూ పార్కిన్సన్స్‌కూ సంబంధం ఉందని ప్రకటించారు. ఆరోగ్యవంతులతోనే కాక ఇతర నాడీ వ్యాధులు ఉన్నవారితో కూడా పోల్చి చూడటం ఆ అధ్యయనంలో నాకు నచ్చిన అంశం. ఎందుకంటే వైద్యుడి ముందున్న అసలు చిక్కు రోగికి జబ్బు ఉందా లేదా అన్నది కాదు, ఉన్నది ఏ జబ్బు అన్నది.

అంతకు రెండేళ్ల ముందు హంటింగ్టన్స్ అనే వంశపారంపర్య మెదడు వ్యాధి విషయంలో జరిగినది ఇంకా గుర్తుంచుకోదగినది. ఆ వ్యాధికి కారణం ఒకే ఒక జన్యువు. అది 1993లో దొరికింది. అందులో సీఏజీ అనే మూడక్షరాల వరుస 40 లేదా అంతకంటే ఎక్కువసార్లు వస్తే వ్యాధి తప్పదు. కాబట్టి ఎవరు రోగి, ఎవరు కాదు అన్నదానిలో సందేహానికి తావు లేదు. అటువంటి రోగుల రక్తంలో 12 జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పెరిగి ఉంటోందని, వ్యాధి ముదిరే కొద్దీ అది ఇంకా పెరుగుతోందని, సోడియం ఫినైల్‌బ్యూటిరేట్ అనే మందు ఇచ్చినప్పుడు తగ్గుతోందని 2005లో ఒక బృందం ప్రచురించింది. ఒక జీవసూచిక (వ్యాధి జాడను తెలిపే కొలత) నుంచి ఇంతకంటే ఏం కోరతాం? కానీ 2007లో మరో బృందం వేరే రోగుల రక్తంతో చూసినప్పుడు, ఆ జాబితా రోగులనూ ఆరోగ్యవంతులనూ నమ్మకంగా వేరుచేయలేకపోయింది. వ్యాధి నిర్ధారణలో పొరపాటు జరిగిందని సర్దిచెప్పుకోవడానికి కూడా వీలులేని వ్యాధిలోనే ఇలా జరిగింది.

ఇక పార్కిన్సన్స్‌కు వస్తే, నటుడు మైకేల్ జె. ఫాక్స్ పేరిట ఉన్న ఫౌండేషన్ 2010లో మొదలుపెట్టిన దీర్ఘకాల అధ్యయనం నుంచి సుమారు 1,570 మంది రక్తనమూనాల ఆర్‌ఎన్‌ఏ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. రోగులలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలకు చెందిన జన్యువులు ఎక్కువగా, లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలకు చెందినవి తక్కువగా కనిపించాయి. అంటే ఒక్కొక్క కణం లోపల జన్యువుల తీరు మారిందని కాక, రక్తంలో ఆ కణాల నిష్పత్తే మారిందని చెప్పుకోవలసి వస్తుంది. వ్యాధికీ రోగనిరోధక వ్యవస్థకూ ఏదో సంబంధం ఉందనడానికి ఇది విలువైన ఆధారమే. అయితే న్యూట్రోఫిల్స్ ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతాయి, స్టెరాయిడ్ మాత్రలు వాడినా పెరుగుతాయి. అటువంటి లెక్కను పట్టుకొని ఒక మనిషికి పదేళ్ల తరువాత పార్కిన్సన్స్ వస్తుందని చెప్పలేము.

కనుక ఈ పరీక్ష మీకు అవసరం లేదు. ఎవరైనా డబ్బు తీసుకొని చేస్తామన్నా చేయించుకోవద్దు. మీ కుటుంబంలో ఇంకా కొందరికి ఈ వ్యాధి ఉంటే, లేదా నాన్నగారికి చిన్న వయసులోనే మొదలై ఉంటే, ఈ వ్యాధితో సంబంధం ఉన్న ఎల్‌ఆర్‌ఆర్‌కే2, జీబీఏ1 వంటి జన్యువుల పరీక్ష గురించి నాడీవైద్య నిపుణులతో మాట్లాడవచ్చు. మీరు రాసిన వివరాలనుబట్టి చూస్తే దానికి కూడా తొందర కనిపించడం లేదు.

ప్రశ్న: నేను బయోఇన్ఫర్మాటిక్స్‌లో ఎంఎస్సీ చేస్తున్నాను. మరణానంతరం సేకరించిన అల్జీమర్స్ రోగుల మెదడు కణజాలపు డేటాను విశ్లేషిస్తే 1,200 జన్యువులలో తేడా వచ్చింది (పీ విలువ 0.05 కంటే తక్కువ). నాడీకణాల జన్యువులు బాగా తగ్గాయి. వీటిని జీవసూచికలుగా నా ప్రాజెక్టులో రాయవచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: ఇప్పుడే రాయవద్దు. పీ విలువ అంటే, అసలు తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం. 20,000 జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షించి 0.05 గీత పెట్టుకుంటే, అసలు ఏ తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా దాదాపు 1,000 జన్యువులు ఆ గీత దాటుతాయి. మీకు వచ్చినవి 1,200. ఈ చిక్కు కోసమే గణాంక శాస్త్రవేత్తలు బెంజమినీ, హోచ్‌బర్గ్ 1995లో ప్రతిపాదించిన సవరణ పద్ధతి ఉంది. ముందు దాన్ని వర్తింపజేసి ఎన్ని మిగులుతాయో చూడండి.

మిగిలినవాటి విషయంలోనూ ఇంకో సందేహం తీర్చుకోవాలి. పులగం పలచబడిందంటే పెసరపప్పు సరిగా ఉడకలేదా, లేక పప్పే తక్కువ వేశారా అన్నది రుచి చూసి చెప్పలేం. అల్జీమర్స్‌లో నాడీకణాలు చనిపోతాయి, వాటి చుట్టూ ఉండే గ్లియా కణాలు చురుకుగా మారి విస్తరిస్తాయి. అటువంటి ముక్కను మొత్తంగా నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తే నాడీకణాల జన్యువులు తగ్గినట్లే కనిపిస్తాయి. మిగిలి ఉన్న నాడీకణం లోపల ఏమీ మారకపోయినా సరే. కణాల నిష్పత్తిని అంచనా వేసే పద్ధతులు ఉన్నాయి, వాటిని వాడి ఆ నిష్పత్తిని కూడా లెక్కలో చేర్చండి. ఈ చిక్కును దాటడానికే కణకేంద్రకాలను విడదీసి ఒక్కొక్కదాని ఆర్‌ఎన్‌ఏను చదివే పద్ధతి వచ్చింది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 48 మంది మెదళ్ల ముందుభాగం నుంచి 80,660 కేంద్రకాలను ఈ విధంగా చదివారు. ఒకే జన్యువు నాడీకణాల్లో ఒక దిశలో, గ్లియా కణాల్లో వేరొక దిశలో మారడం వంటివి ముక్కను మొత్తంగా నూరినప్పుడు కనబడవు.

డేటాతోపాటు ఇచ్చిన పట్టికను కూడా ఓపికగా చదవండి. మరణానికీ మెదడును భద్రపరచడానికీ మధ్య ఎన్ని గంటలు గడిచాయి, ఆర్‌ఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉందో లేదో తెలిపే రిన్ విలువ (1 నుంచి 10 వరకు ఉంటుంది) ఎంత, రోగుల సగటు వయసు ఎంత, స్త్రీలు ఎందరు అన్నవి అందులో ఉంటాయి. రోగుల నమూనాలన్నీ ఒక విడతలో, ఆరోగ్యవంతులవి మరో విడతలో యంత్రానికి ఎక్కించి ఉంటే, వ్యాధి వల్ల వచ్చిన తేడానూ విడత వల్ల వచ్చిన తేడానూ ఏ గణితమూ విడదీయలేదు. ఆ డేటాను పక్కన పెట్టడమే మేలు. చివరగా, జన్యువులను మొత్తం నమూనాల మీద ఎంచుకొని, ఆ తరువాత ఆ నమూనాలనే నేర్పడానికి కొన్ని, పరీక్షించడానికి కొన్ని అని రెండుగా విభజించి 95 శాతం కచ్చితత్వం వచ్చిందని రాసే పొరపాటు చాలా సాధారణం. విభజన ముందు, ఎంపిక తరువాత జరగాలి. వేరొకరు, వేరొక చోట సేకరించిన డేటా మీద కూడా మీ జాబితా నిలబడితే అప్పుడు మళ్లీ రాయండి, సంతోషంగా చదువుతాను.

ప్రశ్న: అయితే ఈ పరిశోధన అంతా వృథాయేనా? మన దేశంలో ఏమైనా జరుగుతోందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, అనంతపురం

సమాధానం: వృథా కాదండీ. రోగనిర్ధారణకు ఉపయోగపడే సూచికలు ఇప్పటిదాకా ఎక్కువగా ప్రోటీన్ల నుంచే వచ్చాయి. రక్తంలోని పీ-టౌ217, అమిలాయిడ్ ప్రోటీన్ల నిష్పత్తిని కొలిచే అల్జీమర్స్ పరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మేలో అనుమతి ఇచ్చింది. అది కూడా లక్షణాలు ఉన్న 55 ఏళ్లు పైబడినవారికి మాత్రమే. ఆర్‌ఎన్‌ఏ లెక్కలు మేలు చేసింది వేరే చోట, అంటే వ్యాధిలో ఏ కణం ఏం చేస్తోందో చెప్పడంలో. అల్జీమర్స్ నమూనా ఎలుకల మెదళ్లలో మైక్రోగ్లియా కణాలు (మెదడులోని రోగనిరోధక కణాలు) ట్రెమ్2 అనే జన్యువు మీద ఆధారపడి ఒక ప్రత్యేక స్థితికి మారతాయని 2017లో తెలిసింది ఒక్కొక్క కణపు ఆర్‌ఎన్‌ఏను చదవడం వల్లనే.

మన దేశంలో బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాలపు భాండాగారం ఉంది. మీ జిల్లాకు అంత దూరం కాని కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్న గ్రామాలలో, బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం 45 ఏళ్లు దాటినవారిని ఏళ్ల తరబడి పరిశీలిస్తోంది. ఇప్పటివరకు ఈ రంగంలో పోగైన డేటాలో అధికభాగం ఐరోపా మూలాలు ఉన్నవారిదే కాబట్టి, పాశ్చాత్యుల రక్తంలో దొరికిన ఏ జాబితా అయినా మన ఊళ్లవారి రక్తంలో నిలబడుతుందో లేదో చూడాలంటే ఇటువంటి గ్రామాల నుంచి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసి దాచిన నమూనాలు కావాలి.