బోర్డు లేదంటే పార్కింగ్ చలానా కొట్టేస్తారా?

ప్రశ్న: మాది కడప. ఏడు రోడ్ల కూడలి దగ్గర అమ్మకు కళ్లు తిరిగితే, స్కూటీ పక్కన ఆపి మెడికల్ షాపుకు పరుగెత్తాను. వచ్చేలోపే ఫొటో తీసి చలానా వేశారు. అక్కడ నో పార్కింగ్ బోర్డే లేదు. నాలుగు నెలలైంది, కట్టలేదు. తెలిసిన షాపతను ఆ రోజు తేదీ వేసి పార్కింగ్ చీటీ రాసిస్తానంటున్నాడు. కోర్టుకు వెళ్తే గెలుస్తానా?

జవాబు: బోర్డు లేదని రాశారు గానీ, చలానాలో ఏ సెక్షన్ వేశారో రాయలేదు. మీ కేసు తేలేది అక్కడే. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ అయితే బోర్డుతో పని లేదు. మీరు బండి ఆపిన తీరు వల్ల ప్రమాదం, అడ్డంకి, మితిమీరిన ఇబ్బంది కలిగాయా, కలిగే వీలుందా అన్నదే చూస్తారు. నో పార్కింగ్ బోర్డును పట్టించుకోలేదని రాసి ఉంటే మాత్రం, ఆ బోర్డు ఉందని చూపాల్సింది పోలీసులే.

122 అయితే ఫొటోయే సాక్ష్యం. ఈ-చలానా సైటులో దాన్ని తెరిచి పెద్దది చేసి చూడండి. నంబరు ప్లేటు స్పష్టంగా ఉందా? చక్రాలు తెల్ల గీతకు ఇవతల ఉన్నాయా, రోడ్డు మీదికి వచ్చాయా? పక్కన ముందే ఇంకో బండి ఉండి, మీది రెండో వరుసలో ఉందా? ఈ పని నాలుగు నెలల కిందటే చేయాల్సింది. ఇది పూర్తిగా మీ అశ్రద్ధ. ఇవాళ వెళ్లి తీసిన ఫొటో ఆ రోజు బోర్డు లేదని రుజువు చేయదు. షాపుల సీసీ కెమెరా రికార్డు ఈపాటికి చెరిగిపోయి ఉంటుంది.

ఇంకో రెండు నెలలు ఊరకుంటే చలానా దానంతటదే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. జరిమానా మాత్రమే ఉన్న నేరాలకు క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ ఆరు నెలల గడువు పెట్టిన మాట నిజమే. కానీ అది కోర్టు కేసు స్వీకరించడానికి సంబంధించింది. పోలీసులు ఆలోపే కోర్టులో దాఖలు చేసి ఉంటే ఆ వాదన నిలవదు.

ఆ చీటీ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. దొంగ సాక్ష్యం పుట్టించి కోర్టులో పెడితే నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. పార్కింగ్ తప్పుకైతే మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా 500 రూపాయలు మించదు. దానికోసం మీరూ, ఆ షాపతనూ క్రిమినల్ కేసులో ఇరుక్కుంటారా?

అమ్మగారి అనారోగ్యం వల్ల తప్పు మాసిపోదు. జరిమానా తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, అదీ కాగితం ఉంటేనే. మందులకు ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ సమయం, చలానా మీది సమయం సరిపోవాలి.

ఫొటోలో బండి రోడ్డుకు అడ్డంగా ఉంటే ఈ వారమే కట్టేయండి. గీతకు ఇవతలే ఉంటే, లేదా నంబరు మీది కాకపోతే, ఫొటో ప్రింటు జతచేసి ట్రాఫిక్ సీఐకి అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అక్కడ ఒప్పుకోకపోతే మేజిస్ట్రేటు ముందు తప్పు ఒప్పుకోకుండా విచారణ కోరవచ్చు. అంత తిరిగే ఓపిక లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వచ్చే లోక్ అదాలత్ తేదీ అడగండి. అక్కడ రాజీ పడితే మళ్లీ అప్పీలు ఉండదు.