ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ ఐదుకి ఐదు వేస్తే ఏం తేలుతుంది?

రెవెన్యూ సిబ్బందికి నైతిక విలువల మీద రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చాం, ఫారాల్లో అందరూ బాగుందన్నారు, అయినా పై ఆఫీసర్ 'ఫలితం చూపించండి' అంటున్నారని టెన్షన్ పడుతున్నారు కదండీ. ఆయన అడిగింది న్యాయమే. ఆ ఫారాలు చెప్పేది భోజనం, ఏసీ, మాట్లాడినాయన జోకుల గురించి, అంతే. ట్రైనింగ్ ఫలితం కొలవడానికి అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లలో అది మొదటిది: నచ్చిందా, నేర్చుకున్నారా, పనితీరు మారిందా, ఆఫీసుకి ఒరిగిందేమిటి.

రెండో మెట్టుకి రూల్ నంబర్లు అడగకండి, బట్టీ కొట్టేస్తారు. 'మీ బావమరిది మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) ఫైలు మీ టేబుల్ మీదకే వచ్చింది, ఏం చేస్తారు?' లాంటివి ట్రైనింగ్‌కి ముందు, మళ్లీ మూడు నెలల తర్వాత, పేరు రాయకుండా జవాబివ్వమనండి. పేరుంటే అందరూ హరిశ్చంద్రులే!

అసలు కష్టం మూడోది. ఇంకా ట్రైనింగ్ అందని మండలాలు ఉంటే అదృష్టమే, వాటితో పోల్చండి: ఆస్తుల వివరాలు గడువులోగా ఎంతమంది ఇచ్చారు, దరఖాస్తులు వరస తప్పి ఎన్ని ముందుకెళ్లాయి, కారణం రాయకుండా ఎన్ని తిప్పి పంపారు. ఇవన్నీ రికార్డుల్లో ఉండేవే.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ట్రైనింగ్ తర్వాత ఫిర్యాదులు పెరిగితే కంగారుపడి దాచకండి, జనానికీ తోటి ఉద్యోగులకీ చెప్పే ధైర్యం వచ్చిందేమో. మేం ఒకసారి ఆ అంకె చూసి ప్రోగ్రామే ఆపేశాం, ఆ తప్పు మీరు చేయకండి. పై ఆఫీసర్‌కి ఇచ్చే నోట్‌లో ఈ ముక్క ముందే రాసిపెట్టండి.